ఎడమ డబ్బా పలకలేదు

మమ్మల్ని కన్న అవ్వ సంవత్సరీకం అయిన పదిహేను రోజులకు మా చెల్లె భాగ్య మంథని నుంచి వచ్చింది. పెద్దపల్లి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి కరీంనగర్‌కు ఇంకో బస్సు. చేతిలో పాత చీర మూట. దారి పొడుగునా ఆ మూటను ఒళ్లోంచి దించలేదట. నా ముందర బల్ల మీద పెట్టి ముడి విప్పితే, లోపల మా బాపు భివండి నుంచి తెచ్చిన స్టీరియో సెట్టు, దాని రెండు స్పీకర్ డబ్బాలు. అవ్వ పోయాక ఆమె సామాన్లలోంచి అది ఒక్కటే భాగ్య అడిగి తీసుకుపోయింది. "ఒక్క పక్కనే పలుకుతున్నదన్నా. ఎడమ డబ్బ బందైంది. బయటోళ్లకు చూపియ్య బుద్ధి కాలే. నువ్వే చూడాలె" అన్నది. నేను నీళ్లు తాగే నెపంతో వంటింట్లోకి వెళ్లి కాసేపు అక్కడే నిలబడ్డాను. సరిగ్గా ఆ మాటే, ఎడమ డబ్బ పలుకుతలేదన్న మాటే, ఇదే సెట్టు ముందు కూర్చుని మా అవ్వ అన్నప్పుడు నాకు ఇరవై ఏళ్లు.

చెప్పేస్తే పోతుంది. మా అవ్వ ఎడమ చెవి పోవడానికి కారణం నేను. ఇన్నేళ్లుగా ఊరి గురించి రాశాను, సాంచెల చప్పుడు గురించి రాశాను, బాపు భివండి బతుకు గురించి రాసి సభల్లో శాలువాలు కప్పించుకున్నాను. ఈ ఒక్క ముచ్చట వచ్చేసరికి మాత్రం పక్కకు తప్పుకుని నడిచాను. అవ్వ బతికున్నంత కాలం ఆమె ముందు చెప్పే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు ఆమె లేదు కనుక ధైర్యం వచ్చిందంటే అదీ సిగ్గుచేటే. అయినా రాస్తున్నాను.

మాది సిరిసిల్ల పక్కన నేతపని ఊరు. మా ఇంటికీ ఆసామి షెడ్డుకూ మధ్య ఒకటే గోడ. ఆ షెడ్డులో బాపు నాలుగు సాంచెలు నడిపేవాడు. సాంచెలంటే మరమగ్గాలు. పొద్దున ఆరింటికి మొదలైతే చాలు, మా ఇంట్లో గూట్లో పెట్టిన గ్లాసులు కూడా సన్నగా వణికేవి. ఇల్లంతా గంజి వాసన, మోటరు నూనె వాసన, వాటి మీద మధ్యాహ్నం జొన్నరొట్టె కాలిన వాసన. నూలు పొట్టు గాల్లో తేలుతూ వచ్చి అన్నిటి మీదా వాలేది. తినే పళ్లెం తుడుచుకుని తినేవాళ్లం, పడుకునే చాప దులుపుకుని పడుకునేవాళ్లం. అవ్వ ముందరి అర్రలో కండెల మిషను ముందు కూర్చునేది. సాంచె మీదికి పోయే నూలును చిన్న చిన్న కట్టె పుల్లలకు చుట్టాలి, వాటినే కండెలంటాం. తెల్లారి పొయ్యి రాజేసిన ఆడమనిషి మళ్లీ దీపాలు పెట్టేదాకా ఆ మిషను ముందరే ఉండేది. మధ్యలో కూర తాలింపు, నీళ్లు తోడటం, మాకు తిట్లు, అన్నీ అక్కడి నుంచే నడిచేవి.

మా వాడలో చెవుడు ఒక రోగం కాదు. షెడ్డులో పని చేసేవాళ్లు చేతులతో మాట్లాడుకునేవాళ్లు. వేలు వంచితే దారం తెగిందని, అరచెయ్యి తిప్పితే చాయ్ తాగొద్దామని. ఇంటికి వచ్చాక అరుస్తూ మాట్లాడేవాళ్లు. కొత్తగా వచ్చిన చుట్టాలు ఈ ఇంట్లో కొట్లాట జరుగుతోందేమో అని గుమ్మంలోనే ఆగేవాళ్లు. ఒకరు చెప్పింది రెండోవాళ్లకు వినపడకపోతే మళ్లీ చెప్పటం, మళ్లీ వినపడకపోతే ఇంకా గట్టిగా చెప్పటం, అంతే. ఎవరి చెవిలో ఏం జరుగుతోందో విచారించే అలవాటు మాకు లేదు. పనికి పోగలుగుతున్నాడా లేదా, అదొక్కటే ఆరోగ్యం. ఇది నా తప్పును చిన్నది చేయటానికి చెప్పటం లేదు. నా తప్పు అంత తేలిగ్గా ఎలా దాగిందో చెబుతున్నాను.

ఇక సెట్టు సంగతి. బాపు మహారాష్ట్రలోని భివండిలో మూడేళ్లు సాంచెలు నడిపి తిరిగి వచ్చినప్పుడు దాన్ని గొంగట్లో చుట్టి తెచ్చాడు. రేడియో, టేపు రెండూ ఉన్నవి, రెండు డబ్బాలు విడివిడిగా ఊడివచ్చేవి. అది రాకముందు అవ్వ మిషను ముందు కూర్చుని తనలో తానే ఏదో ఒకటి పాడుకునేది. అది వచ్చాక ఆమెకు తోడు దొరికింది. మధ్యాహ్నం ఆడవాళ్ల ముచ్చట్లు, సాయంత్రం పల్లె పాటలు. కానీ మా ఇంట్లో రేడియో వినటమంటే మాటలు కాదు. పక్క షెడ్డులో మోటర్లు తిరుగుతుంటే స్టేషను బదులు బర్రుమని ఒకటే మోత వచ్చేది. సాఫీగా వినాలంటే వారంలో ఒక్కరోజు, కరెంటు సెలవు నాడు. ఆ రోజు వాడ మొత్తం ఎప్పుడూ లేనంత నిమ్మళంగా ఉండేది. సాంచెలు ఆగేవి. సెట్టులో పెద్ద సెల్లులు వేసేవాళ్లం. అయిపోయిన సెల్లులను అవ్వ అప్పడాలతో పాటు ఎండలో పెట్టి ఇంకో వారం నడిపించేది.

అప్పటికి నా టీచరు ట్రైనింగు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. వాడలో నా పేరు 'ఖాళీగా తిరిగేటోడు'. ఆ పేరు పోగొట్టుకోవటానికి కరీంనగర్‌లో కమాన్ దగ్గర ఖాజా సాబ్ రేడియో దుకాణంలో కూర్చోవటం మొదలుపెట్టాను. ఆయన సన్నటి మనిషి, నోట్లో పాన్, చేతిలో ఎప్పుడూ కాలుతున్న సోల్డరింగు కడ్డీ. ఆయన దగ్గర నేర్చుకున్న ఒక్కో విద్యనూ ఇంటికి తెచ్చి మా సెట్టు మీద ప్రయోగించేవాణ్ణి. సెట్టు లోపలే ఏరియలు కడ్డీ ఉంటుంది కనుక సెట్టును కిటికీకి అడ్డంగా తిప్పి పెడితే మోటరు మోత సగం తగ్గింది. పెంకుల మీదుగా షెడ్డుకు దూరంగా రాగి తీగ లాగాను. ఇంకో తీగను తానాల బండ పక్కన తడిమట్టిలో పాతాను. వాల్యూము తిప్పితే గరగర వస్తోందంటే, విప్పి చూస్తే లోపలంతా నూలు పొట్టు. ఊది, పెట్రోలు చుక్క వేసి తుడిస్తే గొంతు విప్పింది. పాట డొల్లగా వస్తోందంటే, ఒక డబ్బాకు ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారయ్యాయని కనిపెట్టాను. ఒక్కొక్కటి కుదిరినప్పుడల్లా అవ్వ మిషను ఆపి, "మా పెద్దోడు ఠీక్ చేసిండు" అని వినబడినవాళ్లకూ వినబడనివాళ్లకూ చెప్పేది. మెల్లగా వాడకట్టు వాళ్లు తమ రేడియోలు తెచ్చి మా కిటికీ గూట్లో పెట్టి పోవటం మొదలైంది. 'ఖాళీగా తిరిగేటోడు' పోయి 'మెకానిక్' అయ్యాను. కళ్లు నెత్తికెక్కటానికి ఇంకేం కావాలి?

అదే రోజుల్లో అవ్వ ఎడమ చెవి కారేది. దిండు గలేబు మీద పసుపుపచ్చని మరక ఉంటే చూసి మొహం తిప్పుకున్నాను, అది గుర్తుంది. అవ్వ తనకు తెలిసిన వైద్యం చేసుకునేది. చిన్న గరిటెలో నూనె, అందులో రెండు ఎల్లిగడ్డ రెబ్బలు వేసి, మాడిన వాసన రాగానే దించి, గోరువెచ్చగా చెవిలో పోసుకుని, షెడ్డు నుంచి వచ్చిన వేస్టు నూలును వత్తిగా చేసి పెట్టుకునేది. ఒకరోజు నేను కరీంనగర్ బయల్దేరుతుంటే గడప దాకా వచ్చి, "కొడుకా, చెవుల పోసుకునే మందు దొరుకుతదట. జర అడిగి తేరా" అన్నది. తెస్తానన్నాను. ఖాజా సాబ్ దుకాణంలో ఒక పాత సెట్టు విప్పటంలో పడి మరిచిపోయాను. ఇంకోసారి గుర్తు చేసింది. ఆసారి కూడా మరిచిపోయి, బస్సు దిగాక గుర్తొచ్చి, దుకాణం మూసి ఉందని అబద్ధం చెప్పాను. "పోనీ తియ్" అన్నది. మూడోసారి అడగలేదు.

తర్వాత ఒక కరెంటు సెలవు నాడు అవ్వ అన్నది, "పెద్దోడా, గీ ఎడమ డబ్బ పలుకుతలేదురా. అంతా గా కుడి పక్కకెల్లే వస్తున్నది." వెళ్లి రెండు డబ్బాల దగ్గరా చెవి పెట్టాను. రెండూ పలుకుతున్నాయి. "మంచిగనే ఉన్నది కదనే" అంటే, "ఏం మంచిగ, నాకు తెల్వదా?" అన్నది. ఖాజా సాబ్ నేర్పిన సూత్రం ఒకటుంది. ఒక పక్క పలకకపోతే డబ్బాలను అటుదిటు మార్చి చూడు. జబ్బు డబ్బాతో పాటు పక్క మారితే తప్పు డబ్బాది. మారకపోతే తప్పు సెట్టుది. మార్చాను. "గిప్పుడు?" "గిప్పుడు గూడ కుడి పక్కనే." అయితే సెట్టుదే. నాకు లోపల సంబరం, ఎందుకంటే సెట్టు విప్పే పని తగిలింది. ఆ వారమంతా విప్పి కూర్చున్నాను. బ్యాలెన్సు కంట్రోలు తుడిచాను, అతుకులన్నీ మళ్లీ కాల్చి అతికాను. పక్కింటి లక్ష్మత్త వచ్చి, "మీ అవ్వ రేడియోనే ఠీక్ చేస్తలేవు, మా రేడియో ఏం చేస్తవు పిల్లగా?" అని నవ్వి పోయింది. ఆమె ఊరికే అన్నదే. నాకు మాత్రం ఒళ్లు మండింది. వచ్చే సెలవు నాడు అందరి ముందరా పలికిస్తాను చూడండి అని పౌరుషంగా చెప్పాను.

ఆ సెలవు నాడు నిజంగానే వచ్చారు. లక్ష్మత్త, ఇంకో నలుగురు ఆడవాళ్లు, చేతుల్లో చిక్కుడుకాయల చాటలతో మా అర్రలో కూర్చున్నారు. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. అవ్వ తన చోట్లో సెట్టుకు ఎదురుగా కూర్చుంది. సెట్టు పెట్టాను. పాట వస్తోంది. నా చెవికి రెండు పక్కలా సమంగా వస్తోంది. "ఎట్లుందే?" అన్నాను. అవ్వ తల ఒక పక్కకు వంచి విని, నన్ను నొప్పించటం ఇష్టం లేనట్టు మెల్లగా, "కుడిదే కొడుకా" అన్నది. ఇక ఏం చేయాలో తెలియక అలాగే కూర్చున్నాను. అంతలో అవ్వకు వెనక ఉన్న కండెల గంప కావలసి వచ్చింది. కూర్చున్న చోటనే వెనక్కి తిరిగింది. ఇప్పుడు ఆమె వీపు సెట్టు వైపు, మొహం వాకిలి వైపు. గంపలో చెయ్యి పెట్టినదల్లా ఆగి, "అగో, గిప్పుడు ఎడమది పలుకుతున్నదిరా. కుడిది బందైంది. ఏం చేసినవ్?" అన్నది.

నేనేమీ చేయలేదు. నా చేయి సెట్టు మీదే లేదు. మనిషి తిరిగింది, మనిషితో పాటు జబ్బూ తిరిగింది. ఖాజా సాబ్ సూత్రంలో డబ్బా ఉంది, సెట్టు ఉంది, వినే మనిషి లేదు. నా ఎదురుగా అవ్వ ఎడమ చెవి, అందులో నూలు వత్తి, దాని అంచు పసుపుపచ్చగా తడిసి ఉంది. ఆ క్షణంలో నాకు మొత్తం తెలిసిపోయింది. తెలియలేదని ఎన్నడూ బుకాయించుకోలేదు, ఈ కాగితం మీదా బుకాయించను. తెలిసింది.

చెప్పాల్సింది ఒక్క మాట. 'అవ్వా, సెట్టు మంచిగనే ఉన్నది, నీ చెవికి చూపించుకోవాలె.' ఆ మాట ఎందుకు రాలేదో ఇన్నేళ్లలో ఎన్ని రకాలుగా సర్దిచెప్పుకున్నానో లెక్కలేదు. నిజం మాత్రం ఇంతే. చెవి అంటే మందు గుర్తొస్తుంది. రెండుసార్లు తేకుండా వచ్చి అబద్ధం చెప్పిన సంగతి ఆడవాళ్లందరి ముందరా బయటికొస్తుంది. వారం రోజులు లేని జబ్బుకు సెట్టు విప్పిన మెకానిక్ అని లక్ష్మత్త వాడంతా చెబుతుంది. కిటికీ గూట్లో ఉన్న మూడు రేడియోలు సాయంత్రానికి ఎవరివి వాళ్లు తీసుకుపోతారు. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు నా బుర్రలో తిరిగింది. "ఆగే, ఇప్పుడు చూడు" అన్నాను. అవ్వను మళ్లీ ముందుకు తిరిగి కూర్చోమని, బ్యాలెన్సు నాబ్‌ను ఎడమకు తిప్పటం మొదలుపెట్టాను. కొంచెం కొంచెంగా తిప్పుతూ అడిగాను. చాలా దూరం తిప్పాక అవ్వ మొహం విచ్చుకుంది. "గిప్పుడు కుదిరిందిరా" అన్నది.

కుదరలేదు. నాకు, అక్కడున్న మిగతావాళ్లకు ఇప్పుడు పాటంతా ఎడమ డబ్బా నుంచే వస్తోంది, కుడిది గొణుగుతోంది. కానీ అవ్వ కుదిరిందన్నది కనుక వాళ్లూ తలలూపారు. భాగ్య వాడే ఎర్ర గోళ్లరంగు సీసా తెచ్చి, నాబ్ ఆగిన చోట చుక్క పెట్టాను. "గీ గుండిని గీ ఎర్ర చుక్క కాన్నే ఉంచు, కదపకు" అని అవ్వకు చెప్పాను. ఎంత పెద్దరికంగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. లక్ష్మత్త, "ఏమోననుకున్న, మెకానికే పో" అన్నది. సాయంత్రం అవ్వ నా పళ్లెంలో వెన్నముద్ద వేసింది. తిన్నాను.

రేపు చెబుదాం అనుకున్నాను. నూనె పోసుకుంటున్నది కదా, తగ్గుతుందిలే అనుకున్నాను. నెల తిరగకుండా ఇచ్చోడ దగ్గర బళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది. పోయేముందు చెబుదాం అనుకున్నాను. సంచీ సర్దుకుని బస్సెక్కాను. ఆ బడి, అక్కడి పిల్లల మరాఠీ కలిసిన తెలుగు, అద్దె గది ముందు టేకు చెట్లు, వాటిలో పడి నెలలు గడిచాయి. సెలవులకు ఇంటికి వస్తే అవ్వ మిషను ముందు రేడియో పలుకుతూ ఉండేది. నాబ్ ఎర్ర చుక్క దగ్గరే ఉండేది. అది చూసి నాకు ఒక దొంగ ఊరట. ఇంకా వింటున్నది కదా, ఏమీ కాలేదు అనుకునేవాణ్ణి. ఆమె చెవిలో వత్తి పోయి పెద్ద దూది ముద్ద వచ్చిందని చూశాను. చూసి, బడి ముచ్చట్లు చెప్పాను.

వానాకాలం నడుమ ఇచ్చోడకు కబురు వచ్చింది. అవ్వకు జ్వరం, చెవి వెనక వాపు, కరీంనగర్ దవాఖానలో ఉంది, ఆపరేషను చేశారు. నేను చేరేసరికి డాక్టరు బాపుతో మాట్లాడుతున్నాడు. చెవి వెనక ఎముక దాకా పాకిందని, ప్రాణం దక్కటమే గొప్ప అని, ఆ చెవి ఇక పనికిరాదని చెప్పాడు. "వినపడటం తగ్గిందని ఇంట్లో ఎవరూ గమనించలేదా? ఏడాది కింద తెచ్చి ఉంటే చెవి దక్కేది కదయ్యా" అన్నాడు. బాపు చేతులు కట్టుకుని, "మాకెవ్వలకు ఎరుక లేదు సారూ. గామె చెప్పలే, మేము చూడలే" అన్నాడు. బాపు ఎన్నడూ అబద్ధం ఆడని మనిషి. ఆయన నోట నా అబద్ధం పలికింది. నేను గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. లోపల అవ్వ తలంతా కట్టుతో పడుకుని ఉంది. నన్ను చూసి, తన గొంతు తనకే వినపడక గట్టిగా, "దూరంకెల్లి వచ్చినవ్. ఏమన్న తిన్నవా కొడుకా?" అని అడిగింది. వార్డు మొత్తం తిరిగి చూసింది.

ఆ తర్వాత అవ్వ చాలా ఏళ్లు బతికింది. మిషను చప్పుడుకు రెండో చెవీ నెమ్మదిగా మందగించాక, సెట్టును మూటగట్టి పక్కన పెట్టేసింది. చివరి పదేళ్లు ఆమెతో మాట్లాడాలంటే ఎదురుగా కూర్చుని పెదాలు కదిలించాలి. నేను ఆసిఫాబాద్‌లో పనిచేసినా, కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నా, ఆమెను నా దగ్గరే పెట్టుకుని కళ్లలో పెట్టుకుని చూశానని అందరూ అంటారు. కొన్న వినికిడి మిషన్లు, చూపించిన డాక్టర్లు అందరికీ తెలుసు. ఎందుకంత చూశానో నాకు తెలుసు. ఇప్పుడు మా వీధిలోనే ఇద్దరు చెవి డాక్టర్లున్నారు. మొన్న నా మనవరాలికి బళ్లోనే చెవులు పరీక్షించి కాగితం పంపారు. మెల్లగా పిలిస్తే పిల్ల పలకలేదేమని ఇంట్లో వెంటనే పరేషాన్ అయ్యే కాలం ఇది. అప్పుడు ఇవేవీ లేవు అని నేనంటే నిజమే. కానీ అప్పుడు కూడా ఒకడు ఉన్నాడు, చూశాడు, తెలుసుకున్నాడు. లేనిది ఒక్క మాటే.

భాగ్య తెచ్చిన సెట్టును ఆ రోజు మధ్యాహ్నం విప్పాను. ఆమె పక్కనే పీట వేసుకుని పచ్చడికి ఎల్లిగడ్డలు ఒలుస్తోంది. సోల్డరింగు పొగ, ఎల్లిగడ్డ వాసన కలిసి నాకు ఊపిరాడలేదు. జబ్బు తొందరగానే దొరికింది. బ్యాలెన్సు కంట్రోలు లోపలి నల్లని పట్టీ అరిగిపోయి ఉంది. అరగటం వింత కాదు, అరిగిన తీరు వింత. నాబ్ ఏళ్ల తరబడి ఒకే చోట ఉంటే పట్టీ అరగదు. ఇది మధ్య నుంచి ఎడమకు, నా ఎర్ర చుక్క దాకా, ఆ మేర మాత్రమే గీకి గీకి తెల్లబడింది. ఎవరో అటూ ఇటూ వందలసార్లు తిప్పితే తప్ప అలా కాదు. పైపెట్టె తుడిచి చూశాను. ఎర్ర చుక్క సగం రాలిపోయి ఉంది. దానికి దూరంగా, సరిగ్గా మధ్యలో, రంగు వెలిసిన బొట్టుబిళ్ల ఒకటి అంటించి ఉంది.

"గిదేందే?" అన్నాను. భాగ్య వంగి చూసి, "గదా, అవ్వ పెట్టిన గుర్తు. మేమందరం ఇనేటప్పుడు గాడికి తిప్పేది. నువ్వు ఇచ్చోడకెల్లి వస్తున్నవంటే ముందుగాల పోయి ఎర్ర చుక్క కాడికి తిప్పొచ్చేది" అన్నది. ఆమె గొంతులో ఏ ప్రత్యేకతా లేదు, ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. "ఎందుకు?" అన్నాను. భాగ్య చాటలోని ఎల్లిగడ్డ పొట్టు ఊదింది. తర్వాత అన్నది, "అవ్వకు ఎరుకే అన్నా. నువ్వు చుక్క పెట్టిన వారంలనే ఎరుకైంది. నేను పాట ఒక్క పక్కకెల్లే వస్తున్నదే అంటే, తనే గుండి తిప్పి తిప్పి నన్ను అడిగి చూసుకున్నది. 'డబ్బది కాదు బిడ్డా, నా చెవుదే' అన్నది. దవాఖానకు పోదాం పా అన్న. 'పోతె అందరికి తెలుస్తది. ఠీక్ చేసిండని వాడంత చెప్పుకుంటి, వానికి మొకం లేకుంటైతది. ఇప్పుడిప్పుడే నలుగుర్ల పేరొస్తున్నది. జర ఆగు' అన్నది. నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది. గట్ల ఆగుడు ఆగుడే ఆయె."

నేను కడ్డీ పక్కన పెట్టాను. నలభై ఏళ్లకు పైగా నోట్లో నానిన మాట అప్పుడు బయటికొచ్చింది. "భాగ్యా, నాకూ ఎరుకే. గా రోజు అవ్వ వెనుకకు తిరిగినప్పుడే ఎరుకైంది. తెలిసే తిప్పిన." అవ్వ మందు తెమ్మన్న సంగతి, దుకాణం మూసిందన్న అబద్ధం, దవాఖానలో బాపు మాట, అన్నీ చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండూ కాదు. ఒళ్లో ఉన్న చాట కింద పెట్టి నా వైపు తిరిగింది.

"నీకు తెల్వదనే కదా అన్నా, అవ్వ దాసింది" అన్నది. "నీకు ఎరుకే అని ఒక్కమాట అంటే, దాసేటందుకు ఏమున్నది? తెల్లారే దవాఖానకు పోతుండె."

ఇన్నేళ్లూ నేనొక్కణ్ణే దాచానని, అవ్వ అమాయకంగా నమ్మిందని అనుకుంటూ వచ్చాను. ఆ అనుకోవటంలో కూడా ఎంతో కొంత నా తెలివి మీద మురిపెం ఉంది. నన్ను కాపాడటానికి ఆమె తన చెవిని పణంగా పెట్టి నా చుక్క దగ్గరికి నాబ్ తిప్పుకుంటూ కూర్చుంటే, నేను ఆ చుక్క చూసి ఊరట పడి బడి ముచ్చట్లు చెప్పాను. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఒకరి ముందు ఒకరం కూర్చుని రేడియో విన్నాం.

సాయంత్రానికి కొత్త కంట్రోలు వేసి అతికాను. సగం మిగిలిన ఎర్ర చుక్కను గోటితో గీకేశాను. పైపెట్టె మీది బొట్టుబిళ్లను మాత్రం కదపలేదు, దాని ఎదురుగా నాబ్ నిలిపి సెట్టు పెట్టాను. రెండు డబ్బాలూ సమంగా పలికాయి. ఏదో పల్లె పాట వస్తోంది. భాగ్య ఎదురుగా కూర్చుని విన్నది. తర్వాత లేచి, సెట్టుకు వీపు పెట్టి, వాకిలి వైపు తిరిగి కూర్చుని కూడా విన్నది. అట్లా ఎందుకు కూర్చుందో నేను అడగలేదు. పాట అయ్యాక సెట్టు ఆపి, డబ్బాలు ఊడదీసి, అవ్వ చీరలోనే మళ్లీ మూట కట్టుకుంది. చిన్నప్పటి నుంచీ నేను ఏది బాగుచేసి ఇచ్చినా అవ్వ లాగానే తనూ "ఠీక్ చేసినవన్నా" అనటం భాగ్య అలవాటు. ఆ రోజు ఆ మాట కోసం ఆమె బస్సెక్కేదాకా ఎదురుచూశాను.

"రెండు దిక్కుల పలుకుతున్నది" అన్నది, కిటికీలోంచి. అంతే అన్నది.